మొగిలి ఆపిన మిషన్

మన తాతల తాతలు గడ్డపారతో బొగ్గు తవ్వే కాలాన, అడవి పక్కన ఒక బొగ్గుబాయి ఉండేది. ఆ బాయిలో మొగిలి అనే ఆయన పనిచేసేవాడు. పైకప్పు కూలకుండా కొయ్యదుంగలు నిలబెట్టడం ఆయన పని. బరువు ఎక్కువైతే దుంగ మూలుగుతుంది. ఆ మూలుగు వినగానే మొగిలి కేకేసేవాడు. అందరూ బయటికి ఉరికేవారు.

అట్లా ఉండగా బాయిలోకి బొగ్గు కోసే మిషన్ దిగింది. పదిమంది పని అదొక్కటే చేసింది. అందరూ సంతోషించారు, మొగిలి కూడా. కానీ అది తిరుగుతుంటే దుంగ మూలిగినా వినపడదు, పక్కవాడు పిలిచినా వినపడదు.

మొగిలి లాంతరు పట్టుకుని మిషన్‌కు అడ్డం నిలబడ్డాడు.

"జర ఆపు పోశం. విందాం."

మిషన్ నడిపే పోశం ఆపాడు. అందరూ విన్నారు. ఏమీ లేదు.

"ఏమన్నదే మామా నీ దుంగ? బువ్వ తిన్నవా అని అడిగిందా?" అన్నాడు పోశం. అందరూ నవ్వారు.

మరునాడు మొగిలి మళ్లీ అడ్డం నిలబడ్డాడు.

"జర ఆపు పోశం. విందాం."

ఆపారు. విన్నారు. ఏమీ లేదు. ఈసారి మేనేజరు దొర పిలిపించాడు.

"మిషన్ ఆగితే బొగ్గు ఆగుతది మొగిలీ. ఇంకొక్కసారి ఆపినవంటే ఈ బాయి దిక్కు రాకు."

మొగిలికి భూమి లేదు, గొడ్డు లేదు, ఆ బాయి తప్ప వేరే బతుకు లేదు. ఇంటికి పోయి దొర అన్న మాట చెప్పాడు.

"రేపు జర ఊకోరాదు?" అన్నది భార్య లచ్చవ్వ.

"ఊకుంటే నిద్ర పడ్తదానే?" అన్నాడు.

మూడోనాడు కూడా అడ్డం నిలబడ్డాడు.

"జర ఆపు పోశం. విందాం."

"పని పోతది మామా."

"పోనియ్యి. ఆపు."

పోశం ఆపాడు. అందరూ విన్నారు. ఏ దుంగా పలకలేదు. మొగిలి తల దించుకుని లాంతరు కింద పెట్టాడు. అప్పుడు పక్క సొరంగంలోంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"అన్నా... ఓ అన్నా..."

అది పోశం తమ్ముడు సారయ్య గొంతు. బండపెళ్ల విరిగి అతని కాలి మీద పడింది. పొద్దటి నుంచి పిలుస్తూనే ఉన్నాడు. పోశం ఉరికాడు, వెనకే అందరూ ఉరికారు. బండ లేపి సారయ్యను ప్రాణంతో పైకి తెచ్చారు.

ఆ రోజే మేనేజరు దొర కట్టడి పెట్టాడు. షిఫ్టుకు మూడుసార్లు మిషన్ ఆగాలి. ఆపే పని మొగిలిది.

"నేను ఆపింది దుంగ కోసం దొరా. మనిషి సంగతి నాకు ఎరికే లేదు," అన్నాడు మొగిలి.

"దేనికోసమైతే ఏంది. ఆపు," అన్నాడు దొర.

మొగిలి ముసలివాడై కన్నుమూశాడు. కొయ్యదుంగలు పోయి ఇనుపవి వచ్చాయి. ఆ మిషన్ పోయి అంతకంటే పెద్దవి వచ్చాయి. అయినా ఆ బాయిలో ఇప్పటికీ షిఫ్టుకు మూడుసార్లు మిషన్లు ఆగుతాయి. "మొగిలి వింటున్నడు," అంటారు. అందరూ మాట ఆపేస్తారు. ఒకరు చీకట్లోకి "ఉన్నరా?" అని పిలుస్తారు. ప్రతి సొరంగం నుంచి "ఉన్నం" అని జవాబు వచ్చేదాకా మిషన్ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు.