నుదుట కళ్ళు పడిన రాజుబొమ్మ: చూపునోము కథ

అక్షతలు చేతబట్టి, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని వినుడు.

పూర్వము వేగవతీ తీరమున శాంతశీలుడను ముని, దీర్ఘదర్శి మహామునికి మ్రొక్కి, ప్రేమ నిండుగా ఉన్న ఇండ్లలో సైతము చూపు పోవుచున్నదేమి, తరణోపాయమేమి అని అడిగెను. అందుకా మహాముని నవ్వి యిట్లు చెప్పసాగెను.

చిత్రపురమున కోటాచారి అను కొయ్యబొమ్మల పనివాడు కలడు. అతడు బొమ్మ చెక్కును, భార్య సూరాంబ కట్టకడపట కళ్ళు దిద్దును. ఆమె కన్ను దిద్దనిదే బొమ్మ గడప దాటరాదని ఆ యింటి కట్టడి.

ఒక యేట ఆచారికి ఎడమకన్ను ఎర్రబడి, తల పగులునంత నొప్పి పుట్టి, దీపము చుట్టు రంగుల వలయములు కనబడెను. ఇరుగుపొరుగువారు ప్రేమకొద్దీ ఆకుపసరు పిండిరి, చనుబాలు వేసిరి. వైద్యుని యొద్దకు మాత్రము కొనిపోరైరి. ఆ రోగము నీటికాసులు, కంటిలో ఒత్తిడి పెరిగి చూపును తినివేయునది. మూడు నాళ్ళలో ఆ కంటి వెలుగు ఆరిపోయెను.

కొన్నేండ్లకు సూరాంబ చూపునకు పొగమంచు పట్టెను. కోడలి ముఖము సైతము మసకబారెను. భర్త గతి తలచి, కంట కత్తి పెట్టుదురని జడిసి, ఆమె నోరు మెదపక తడవి తడవి కళ్ళు దిద్దసాగెను. కోడలు నాగరత్నము బంగారుతల్లి. అత్త మనసు నొచ్చుకొనునని, ఆ వంకర కళ్ళను తుడిచి, పెరటిలో కూర్చుండి తానే మరల దిద్దుచుండెను. పైగా "అత్తయ్యా, మీ చెయ్యి చెయ్యే" అని మెచ్చుకొనుచుండెను. చూచితిరా, మురిపెము ఎంత పని చేసినదో!

ఒకనాడు సూర్యభగవానుడు వృద్ధుని రూపమున వచ్చి, కోడలు ఇంకను ముట్టని రాజుబొమ్మను చేతబట్టి, "ఏమమ్మా, ఈ రాజుగారు నుదుటితో చూస్తున్నారేం?" అని పకపక నవ్వెను. నాగరత్నము భోరున ఏడ్చి, ఉన్నదున్నట్లు చెప్పెను. సూరాంబ ఆమెను కౌగిలించుకొని, "పిచ్చిపిల్లా, బొమ్మ కళ్ళు దిద్దావు గానీ నా కళ్ళు దిద్దలేవుగదే" అనెను.

అంత నా వృద్ధుడు చూపునోము ఉపదేశించెను. నెలకొక ఆదివారము, ఎండ వెలుగున గోడపై సుద్దచుక్కలు పెట్టి, ఇంటిల్లిపాదియు పది అడుగుల దూరమున నిలిచి, ఒక్కొక్క కన్ను మూసికొని లెక్కింపవలెను. కనబడలేదన్నవారికే తొలి ప్రసాదము పెట్టి, మరునాడే వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

సూరాంబ నోము పట్టెను. కాని కత్తి భయము వదలలేదు. చుక్కలు పెట్టినది తానే గనుక, ఎన్ని యున్నవో గడగడ ఒప్పగించెను. కోడలు నోము ఫలించి చూపు వచ్చినదని నమ్మి, బొమ్మలు మరల దిద్దుట మానెను. ఆ నెల సంతకు పోయిన బొమ్మలన్నియు తిరిగి వచ్చెను. ఇంట పొయ్యి వెలుగుట కరవాయెను.

మరునెల చుక్కలు నాగరత్నము పెట్టెను. సూరాంబ కన్ను మూసిన చేయి దించి, "గోడే కనబడటం లేదే తల్లీ, చుక్కలెక్కడ?" అనెను. కోడలు తొలి పాయసము ఆమె నోటబెట్టెను.

వైద్యుడు చూచి, ఇది శుక్లమనియు, తీసివేసినచో చూపు వచ్చుననియు చెప్పి, దానిని తీసి అద్దపుబిళ్ళ అమర్చెను. వెంట వచ్చిన ఆచారికి పోయిన కంటిచూపును తేలేకపోయెను గాని, దినదినము వేసికొనుటకు మందిచ్చి రెండవదానిని కాపాడెను. కట్టు విప్పగనే సూరాంబ కోడలిని చూచి, "ఎంత చిక్కిపోయావే నా తల్లీ!" అని ముద్దాడెను. బొమ్మలు కళకళలాడెను, సిరిసంపదలు మరలి వచ్చెను. ఆచారి మాత్రము ప్రతి నోమునాడును ఎడమకంటికి చుక్కలు కనబడలేదని చెప్పి తొలి ప్రసాదము కొట్టివేయుచుండెను.

కావున నలువది దాటినవారును, చక్కెరవ్యాధి గలవారును, పుస్తకమును ముక్కున ఆనించి చదువు పిల్లల తల్లులును, బిడ్డ మెల్లకన్ను అదృష్టమని మురియు తండ్రులును ఈ నోము నోచవలెను. నోచినవారు ముదిమిలో మనుమల ముఖములు తేటగా చూతురు. నోము పట్టి పసరు పోసినవారికి ఫలము దక్కదు.

నుదుట కళ్ళున్న ఆ రాజుబొమ్మను సూరాంబ మరల దిద్దలేదు, పీఠమున నిలిపి పూజించెను. మీరును అట్టి బొమ్మను నిలిపి, చేతనున్న అక్షతలు దాని పాదములపై వేసి, ప్రక్కనున్నవారిని "నీకు సరిగ్గా కనిపిస్తోందా?" అని అడుగుడు. వారు నిజము చెప్పినప్పుడే నోము తీరినట్లు.