ఎండుచేపల పోలమ్మ శిష్యులు

అప్పుడెప్పుడో, సముద్రం ఊరికి ఇప్పటికంటే చాలా దూరంగా ఉన్న రోజుల్లో, ఎర్రయ్య అని ఒకడుండేవాడు. వాడికి పోలమ్మ అని ఒక అప్ప. పోలమ్మ మొగుడు సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది, తమ్ముణ్ణి తనే పెంచింది.

ఒకనాడు పోలమ్మ చేతిలోంచి తక్కెడ జారింది. కొన్నాళ్ళకి కాలు ఈడ్వడం మొదలైంది. ఇంకొన్నాళ్ళకి తట్టే జారి చేపలన్నీ దారిలో పడ్డాయి.

ఎర్రయ్య అప్పని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. తాయెత్తు కట్టారు, తగ్గలేదు. ఎముకలు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. కట్టు కట్టారు, తగ్గలేదు. పసరు మందు పోసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. పసరు పోశారు, తగ్గలేదు. చివరికి బండి కట్టి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ నరాల జబ్బులకి వేరే వార్డు ఉంది. దానికి పెద్ద, సోమయాజులు గారనే డాక్టరు. ఆయన ఎటు నడిస్తే అటు, డాక్టరు చదువు చదివేవాళ్ళు గుంపుగా నడిచేవారు. ఆయన పోలమ్మ చేతులు చూశాడు. చర్మం కింద కండలు పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. చిన్న సుత్తితో మోకాలి కింద తట్టాడు. కాలు ఎగిరిపడింది. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నీ జబ్బేమిటో తెలిసింది. దీనికి మందు లేదు."

పోలమ్మ డాక్టరు వెనక నిలబడ్డవాళ్ళని చూసింది.

"మందు నేకపోతే ఈళ్ళందరూ ఎందుకొచ్చారు బాబూ?"

"నేర్చుకోడానికి."

"నేర్సుకుంటే మందు దొరుకుద్దా?"

"నీకు దొరకదు. నీ తర్వాతివాళ్ళకి దొరకొచ్చు. దొరుకుతుందని మాటివ్వలేను."

"అయితే నేర్సుకోండి," అంది పోలమ్మ. ఆ వార్డులోనే ఉండిపోయింది.

మొదటి ఏడాది చూసి నేర్చుకోడానికి చేతులడిగారు. పోలమ్మ ఊ అంది. భానుమూర్తి అనే కుర్ర డాక్టరు ఆమె వేళ్ళు ఎత్తి, దించి, తోటివాళ్ళకి చూపిస్తున్నాడు. "సెయ్యి నాది బాబూ. నాతో సెప్పి పట్టుకో," అంది పోలమ్మ. వాడు చెయ్యి వదిలేసి, అడిగి మళ్ళీ పట్టుకున్నాడు.

రెండో ఏడాది నడకడిగారు. పోలమ్మ ఊ అంది. వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి తూలుతూ నడిచింది. పడబోతే ఆ చదివేవాళ్ళలో వసుంధర అనే అమ్మాయి పట్టుకుంది. ఆ రోజునుంచి రోజూ ఆమే జావ తాగించేది.

మూడో ఏడాది సోమయాజులు గారు ఒక్కరే వచ్చారు. అప్పటికి పోలమ్మ నాలుక మడత పడుతోంది.

"అమ్మా, నువ్వు పోయాక తలా వెన్నూ తెరిచి చూడొచ్చా?"

ఎర్రయ్య లేచి నిలబడ్డాడు. "వద్దప్పా! మనోళ్ళు ఊరుకోరు."

పోలమ్మ మాట కూడదీసుకుంది. "నాకేటయిందో... ఎవరో ఒకలికి... తెలవాల్రా." తర్వాత డాక్టరు వైపు తిరిగి ఊ అంది.

ఆ చలికాలం వెళ్ళకముందే పోలమ్మ పోయింది. తెరిచి చూశారు. వెన్నులో కండలకి కబురు మోసే నరాలు ఎండి సన్నబడి ఉన్నాయి. జబ్బు ఎక్కడుందో తెలిసింది. ఎందుకొచ్చిందో తెలియలేదు.

శరీరాన్ని కుట్టి, కడిగి, పాడె మీద పెట్టి గేటు దగ్గరికి తెచ్చారు. వాళ్ళ పేటలోంచి వచ్చిన మగవాళ్ళు దూరంగా నిలబడిపోయారు. "కోసిన శవానికి మేం భుజం పట్టం," అన్నాడు వాళ్ళ పెద్ద. ఎర్రయ్య తలొంచుకున్నాడు. వాడికి అప్ప మీద కోపం, తన మీద కోపం, డాక్టర్ల మీద కోపం.

భానుమూర్తి చెప్పులు విడిచి ఒక మూల పట్టాడు. సోమయాజులు గారు ఒక మూల పట్టారు. వసుంధర కొంగు బిగించి మూడో మూల దగ్గరికి వచ్చింది.

పేట పెద్ద అడ్డొచ్చాడు. "ఆడకూతురివి! ఏ వరసని మోస్తావమ్మా? నీకేటవుద్ది?"

"మా పంతులమ్మ."

"సదువు రాక నిశానీ ఏసేదాన్ని పంతులమ్మంటావేటి?"

"మూడేళ్ళు మాకు పాఠం చెప్పింది. ఇంకేమనమంటారు?"

పెద్ద పక్కకి తప్పుకున్నాడు. పాడె లేచింది. నాలుగో మూల ఎవరూ లేక వంగిపోయింది. పోలమ్మ ఒక పక్కకి ఒరగడం ఎర్రయ్య చూశాడు. గబగబా వెళ్ళి భుజం పెట్టాడు. పాడె సమంగా నిలిచింది. బజారు దాటేవరకూ వాడు ఏడవలేదు. దాటాక ఏడుపు ఆగలేదు.

ఆ జబ్బుకి మందు దొరికిందా అంటే, ఈ కథ నా దాకా వచ్చేసరికి దొరకలేదు. వెతుకుతున్నారు.

ఆ ఆసుపత్రిలో ఇప్పటికీ, చదువుకి ఒళ్ళిచ్చినవాళ్ళని సాగనంపేటప్పుడు నేర్చుకున్నవాళ్ళే మూడు మూలలూ పడతారు. నాలుగో మూల ఇంటివాళ్ళ కోసం వదులుతారు. వాళ్ళు వచ్చేదాకా పాడె లేపరు. బజార్లో కొట్లవాళ్ళు బేరం ఆపి, కిందికి దిగి నిలబడతారు. పోయింది మగవాడైనా సరే, వాళ్ళు అనే మాట ఒకటే:

"దారియ్యండి, పంతులమ్మ పోతోంది."