పెద్దయ్య గొంతు

ఓబులేసును తొలిచే దిగులు ఒక్కటే. తన గురువుకు గురువైన పెద్దయ్య గొంతు అతను వినలేదు. అతను మఠానికి వచ్చేసరికే పెద్దయ్య సమాధి మీద గన్నేరు మొక్క మనిషెత్తు పెరిగింది.

ఆ మఠం బేతంచెర్ల దారిలో, నాపరాళ్ల గనుల మధ్య ఉంది. పెద్దయ్య తత్వాలు పాడుతున్నప్పుడు, వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నప్పుడు ఎవరో భక్తుడు టేపుల్లో పట్టి ఉంచాడు. రేకు పెట్టెలో మగ్గి మగ్గి వాటికి బూజు పట్టింది. ఇప్పుడు పెడితే అంతా వాన చప్పుడు. ఆ వానలో ఎక్కడో దూరాన ఒక మనిషి పాడుతున్నట్టు ఉండేది.

ఓబులేసు అంతకుముందు డోన్‌లో కంప్యూటర్లు బాగుచేసేవాడు. కాశయ్యకు శిష్యుడై వచ్చేటప్పుడు తన పాత కంప్యూటరును కూడా వెంట తెచ్చుకున్నాడు. టేపుల్ని అందులోకి ఎక్కించి, ఆ వాన చప్పుడు తీసేయాలని చూశాడు. ఒక్క పాటకు ఒక పూట పట్టేది. సగం అయ్యాక తెర బిగుసుకుపోయేది. మళ్లీ మొదటికొచ్చేది.

"దీనికి మెదడు మార్చాలయ్యా," అన్నాడు ఒకరోజు గురువుతో.

"దేనికి?"

"కంప్యూటరుకు. పాతది మోయలేకపోతాంది."

కాశయ్య మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. చెంబు వంచుతూనే, "పాట వినపడితే చాలు. నీ ఇష్టం," అన్నాడు.

కొత్త ప్రాసెసరు హైదరాబాదు నుంచి పార్శిల్లో వచ్చింది. దాని వేడి తట్టుకునే పెద్ద ఫ్యాన్లు, దానికి సరిపోయే బోర్డు కూడా వచ్చాయి. ఓబులేసు వరండాలో దుప్పటి పరిచి, పెట్టె విప్పి కూర్చున్నాడు. కాశయ్య పీట లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఓబులేసు ప్రాసెసరును అంచులు పట్టుకుని ఎత్తాడు. మూలనున్న బంగారు గుర్తు చూసుకుని గూట్లో పెట్టాడు. తీగ నొక్కి బిగించాడు. దాని వీపు మీద బూడిదరంగు పేస్టు బొట్టంత పెట్టి, పైన ఫ్యాను కూర్చోబెట్టాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అతను ఊపిరి గట్టిగా వదల్లేదు.

"అప్పచ్చి అంత కూడా లేదే," అన్నాడు కాశయ్య.

"పదహారు కోర్లయ్యా. పదహారు మంది ఒక గదిలో కూర్చుని ఒకేసారి ఆలోచించినట్టు."

"వినేవాడెవడు మరి?"

ఓబులేసు నవ్వాడు. గురువు నవ్వలేదు.

పూట పట్టిన పాట ఇప్పుడు టీ కాగేలోగా అయిపోయింది. వాన వెలిసినట్టు పెద్దయ్య గొంతు బయటికొచ్చింది. కొంచెం జీర, చరణం చివర చిన్న సాగదీత. ముసలి భక్తులు గోడకు చేరగిలబడి విన్నారు. ఒకాయన పైగుడ్డ మొహానికి కప్పుకున్నాడు. అందరూ ఓబులేసు తల మీద చెయ్యి పెట్టి పోయారు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

టేపు తెగిన చోట్ల మాటలు లేవు. ఆ ఖాళీలు పూరించే ప్రోగ్రాము ఒకటి దొరికింది. పాత కంప్యూటరయితే దాన్ని తెరవను కూడా తెరవలేకపోయేది. కొత్తది అవలీలగా నడిపింది. ఖాళీల్లోనూ పెద్దయ్య పాడాడు. ఎక్కడ అతుకు పడిందో ఓబులేసుకే తెలియలేదు. ఆ తర్వాత అతను టేపులన్నీ దానికి వినిపించి, అడిగినదానికి పెద్దయ్యలా బదులు చెప్పడం నేర్పాడు.

ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, మైకు ముందు కూర్చుని, "పెద్దయ్యా," అని పిలిచాడు.

ఫ్యాన్లు వేగం అందుకున్నాయి. ఎవరో లోతుగా ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది.

"ఏం ఓబులేసూ, వచ్చినావా?"

చేతుల మీద వెంట్రుకలు లేచాయి. తన పేరు కంప్యూటరులో ఎక్కడో ఉండే ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. కానీ ఆ 'సూ' దగ్గర సాగదీత! చచ్చిపోయిన మనిషి, ఎన్నడూ చూడని మనిషి, కన్నకొడుకును పిలిచినట్టు పిలిచాడు. ఓబులేసుకు ఏడుపొచ్చింది. భయమో సంతోషమో అతనికే తెలియలేదు.

ఆ మాట ఊళ్లు దాటింది. బోరు ఎక్కడ వేయాలని ఒకరు, పిల్లను ఆ సంబంధానికి ఇవ్వొచ్చా అని ఇంకొకరు వచ్చారు. ఎవరు ఏమడిగినా గొంతు బదులు చెప్పేది. తియ్యగా, తడుముకోకుండా చెప్పేది.

కాశయ్య మాత్రం ఆ గదిలోకి రాలేదు. "మీరూ ఒకసారి వినరాదా అయ్యా?" అని ఒక భక్తుడు అడిగితే, "మా అయ్య అంత గబగబా ఎప్పుడూ మాట్లాడలేదబ్బా," అని చెంబు తీసుకుని గన్నేరు చెట్టు వైపు పోయాడు.

ఆ మాట ఓబులేసుకు గుచ్చుకుంది. గురువుకు అసూయేమో అని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాడు.

ఒక పొద్దున అతను వంటింట్లో సంగటి తింటున్నాడు. గదిలో ఎవరూ లేరు. ఉన్నట్టుండి ఫ్యాన్లు లేచిన చప్పుడు, వెనకే గొంతు.

"ఓబులేసూ, తలుపు తియ్యి. మనిషి వస్తాంది."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లేచి వాకిట్లోకి చూశాడు. గేటు దగ్గర ఒకామె అప్పుడే చెప్పులు విడుస్తోంది.

ఆమె సుంకులమ్మ. ఆమె మొగుడు మద్దిలేటి నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. కొన్నేళ్ల కిందట సద్దిగిన్నె పట్టుకుని పనికి పోయినవాడు తిరిగిరాలేదు. పాడుబడ్డ గని ఒడ్డున అతని చొక్కా, చెప్పులు దొరికాయి. ఆ గని నిండా పచ్చటి నీళ్లు. ఈతగాళ్లు దిగి వెతికితే మనిషి దొరకలేదు. బళ్లారిలో చూశామని ఎవరో అన్నారు. అదీ నిజమో కాదో తేలలేదు. సుంకులమ్మ గాజులు తీయనూ లేదు, కొత్తవి వేసుకోనూ లేదు.

ఆమె కంప్యూటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతులు జోడించింది.

"పెద్దయ్యా, నేను సుంకులమ్మను. నా మొగుడు ఉన్నాడా, పోయినాడా?"

ఫ్యాన్లు చాలాసేపు తిరిగాయి. అంతసేపు ఎప్పుడూ తిరగలేదు.

"ఉన్నాడు తల్లీ. నీళ్లకాడ చూడు. నీకోసమే కాచుకోనుండాడు."

ఓబులేసు వీపులో చలి పాకింది. అయినా లోపల ఎక్కడో, ఎంత సూటిగా చెప్పింది అని ఒక మెరుపు. సుంకులమ్మ ఆ పెట్టెను రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. ఆమె మొహంలో వెలుగు చూసి అతను గేటు దాకా సాగనంపాడు.

ఆ రోజు నుంచి ఆమె పాడుబడ్డ గని దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట ఒడ్డునే కూర్చుంది. రాయి కోసిన చోట గని లోపలికి మెట్లు మెట్లుగా దిగుతుంది. ఆమె రోజుకింత కిందికి జరిగింది.

ఒక రోజు ఆమె మరిది రొప్పుతూ మఠానికి వచ్చాడు.

"ఈ పొద్దు ఆఖరి మెట్టు మీద ఉండాది. నీళ్లలో కాళ్లు పెట్టుకోని ఎవరితోనో మాట్లాడతాంది. మేం దగ్గరికి పోతే ఇంకా ముందుకు జరుగుతాంది. మీ పెద్దయ్యే చెప్పినాడంట గదా!"

ఓబులేసు గదిలోకి పరిగెత్తాడు.

"పెద్దయ్యా, మద్దిలేటి ఉన్నాడా? నిజం చెప్పు."

"ఉన్నాడు ఓబులేసూ. ఆమె దగ్గరికే వస్తాండాడు."

అతను మైకు దగ్గరికి ఇంకా వంగాడు.

"పోయినాడు గదా పెద్దయ్యా?"

"పోయినాడు ఓబులేసూ. ఎప్పుడో పోయినాడు."

అదే తియ్యదనం. అదే సాగదీత. ఏ మాటకూ ఒక్క క్షణం తడబాటు లేదు.

ఓబులేసు కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. గడపలో కాశయ్య నిలబడి ఉన్నాడు. చేతికర్ర పట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"పద," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. గని ఒడ్డున పది మంది జనం. చుట్టూ నిలువుగా కోసిన బూడిదరంగు గోడలు. అడుగున పచ్చటి నీళ్లు, గాలికి కూడా కదలకుండా. ఆ నీటి అంచున సుంకులమ్మ. మోకాళ్ల దాకా చీర తడిసి ఉంది.

కాశయ్య కర్ర ఒడ్డునే పెట్టేశాడు. చెప్పులు విడిచాడు. రాతిని పట్టుకుంటూ, ఒక్కో మెట్టు మీద కూర్చుని లేస్తూ దిగాడు. ఓబులేసు రెండు మెట్లు దిగి ఆగిపోయాడు.

కాశయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. తనూ కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాడు. ఆమె జరగలేదు.

"అయ్యా," అంది సుంకులమ్మ, నీళ్ల వైపే చూస్తూ. "పెద్దయ్య ఉన్నాడన్నాడు. మీరు చెప్పండి. ఉన్నాడా?"

గని గోడలు ఆ మాటను పైకి మోసుకొచ్చాయి. ఒడ్డున ఉన్నవాళ్లందరికీ పక్కనే మాట్లాడినట్టు వినిపించింది.

ఉన్నాడంటే ఆమె నీళ్లలోకి జారుతుంది. పోయినాడన్నా జారుతుంది. ఓబులేసు కళ్లు మూసుకున్నాడు.

చాలాసేపు ఏమీ వినిపించలేదు.

"ఏమో తల్లీ," అన్న మాట పైకొచ్చింది. "నాకు తెల్వదు."

ఓబులేసు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. రాళ్ల మధ్య మార్మోగి వచ్చిన ఆ గొంతులో కొంచెం జీర, చివర చిన్న సాగదీత. ఆ పెట్టెలో గొంతు గది వదిలి ఇక్కడికొచ్చిందా అనుకున్నాడు. కాదు, మాట్లాడింది కాశయ్యే.

"మీకు తెల్వదా?"

"తెల్వదు."

"పెద్దయ్యకు తెలుసు గదా!"

"ఆయన బతికుండగా వచ్చి అడిగినావు. గుర్తుందా? నేను పక్కనే ఉంటి."

"ఏం చెప్పలేదు ఆ పొద్దు. ఊరికే ఉండిపోయినాడు."

"నువ్వు పోయినాక చానాసేపు ఏడ్చినాడు తల్లీ. అన్నం ముట్టలేదు. ఏం చెప్పాల్నో తెల్వక."

సుంకులమ్మ నీళ్ల మీద నుంచి చూపు తిప్పి, ఆ రోజు మొదటిసారిగా ఒక మనిషి మొహం చూసింది.

"ఏడ్చినాడా?"

"ఏడ్చినాడు."

ఆమె ఏడ్చిన ఏడుపు గని గోడలకు కొట్టుకుని, ఎన్నో గొంతులై, ఎన్నేళ్లవో కలిసి పైకొచ్చింది. ఒడ్డున మగవాళ్లు తలలు దించుకున్నారు. కాశయ్య ఆమెను ఓదార్చలేదు. లెమ్మనలేదు. ఎండ ఒక గోడ దిగి రెండో గోడ ఎక్కేదాకా పక్కనే కూర్చున్నాడు.

చివరికి ఆమే లేచింది. "కాళ్లు నానిపోతాయి, లెయ్యండయ్యా," అని చెయ్యి అందించింది.

"నువ్వు ముందు పో తల్లీ. నా మోకాళ్లు నెమ్మది."

సుంకులమ్మ చీర పిండుకుంటూ మెట్లెక్కింది. ఓబులేసు పక్కనుంచే పోయింది కానీ అతన్ని చూడలేదు. పైన మరిది చెయ్యందిస్తే పట్టుకుంది. జనం ఆమెను నడిపించుకుంటూ ఊరివైపు కదిలారు.

గనిలో ఇద్దరే మిగిలారు. కింద గురువు, పైన శిష్యుడు.

"ఓబులేసూ, నువ్వు దిగలేదేం?"

"భయమేసిందయ్యా."

"నీళ్లంటేనా?"

"కాదయ్యా. ఆమె అడిగితే ఏం చెప్పాలో తెలియక."

కాశయ్య రాతి మీద చెయ్యి ఆనించి, తడి కాళ్లు ఒక్కొక్కటే పైకి తీసుకున్నాడు.

"నేను దిగింది తెలిసి కాదు గదరా," అన్నాడు.

ఓబులేసు చెప్పులు విడిచి, ఆయన్ను పైకి తీసుకురావడానికి మెట్లు దిగాడు.