పక్కగది సుధాంశు బాబు

నరసాపురంలో ఇమ్మానుయేలు మాస్టారి దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళం అందరం పెద్దవాళ్ళమే. ఎవరేం అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి, కండువా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాకే నోరు విప్పుతారు.

మాలో సత్యవేణి గారిది లేసు అల్లకం. పాతికమంది ఆడవాళ్ళ చేత అల్లించి ఏజెంటుకి ఇస్తూ ఉంటారు. రెండేళ్ళలో ఆవిడ ఒక్క క్లాసు మానలేదు. గ్రామరు పుస్తకం పూర్తిచేసి, మళ్ళీ మొదటినుంచీ చదువుతున్నారు. అయినా ఆవిడ నోట ఒక్క ఇంగ్లీషు వాక్యం మేం విన్నది లేదు. ఆ శనివారం ఆవిడ ముఖం వాడిపోయి ఉంది. లేసు కొనే విదేశీ ఆవిడ ఎవరో సోమవారం వస్తోందట. ఈసారి అల్లించేవాళ్ళతోనే నేరుగా మాట్లాడతానని కబురు పెట్టిందట.

"ఏజెంటు గారినే మాట్లాడమంటానండి," అన్నారు సత్యవేణి గారు. "నోరు తెరిస్తే నవ్వులపాలవుతాను. ఇంకో ఏడాది బాగా నేర్చుకున్నాక మొదలుపెడితే సరిపోదా, మాస్టారండీ?"

మాస్టారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. తన కుర్రతనపు సంగతి ఒకటి చెప్పారు.

ఆయనకు ఇరవై నాలుగేళ్ళప్పుడు పెద్దాపురంలో కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. ఒక మిద్దెమీద గదిలో అద్దెకుండేవారు. పక్కగదిలో సుధాంశు బాబు అనే బెంగాలీ ఆయన దిగారు. సర్వే పనిమీద వచ్చిన మనిషి, యాభై దాటినవారు, భార్య పోయింది, పిల్లలు లేరు. తెలుగు ఒక్క ముక్క రాదు. మాస్టారికి ఇంగ్లీషు పుస్తకాల్లో చదవడమే తప్ప మాట్లాడే అలవాటు లేదు.

ప్రతి ఆదివారం సుధాంశు బాబు చేపల కూర వండి, తలుపు తట్టి, భోజనానికి రమ్మని ఇంగ్లీషులో పిలిచేవారు. మాస్టారు "థాంక్యూ" అనేసి తలుపు వేసుకునేవారు. లోపల కూర్చుని, తాను ఏమని ఉండాల్సిందో కాగితం మీద రాసి, దిద్ది, కంఠతా పట్టేవారు. వచ్చే ఆదివారానికి అది సరిపడే మాట అయ్యేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం సుధాంశు బాబుకి టెలిగ్రాం వచ్చింది, తల్లి పోయిందని. ఆయన మెట్లమీద కూర్చుని ఆ కాగితం వైపే చూస్తున్నారు. మాస్టారు గుమ్మం దాకా వెళ్ళారు. మీ అమ్మగారు పోయారని విన్నాను, అని ఇంగ్లీషులో అనాలి. ఆ పోవడానికి ఏ కాలం వాడాలి? పక్కన 'హాజ్' రావాలా, అక్కర్లేదా? అక్కడే నిలబడి కాసేపు ఆలోచించారు. తేలలేదు. చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశారు.

"పక్కన కూర్చుంటే చాలునని కూడా నాకు తోచలేదమ్మా," అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఆదివారాలు తలుపు చప్పుడు వినపడలేదు. మూడు నెలలకు సుధాంశు బాబుకి బదిలీ అయింది. మాస్టారు బస్టాండు దాకా ఆయన పెట్టె మోశారు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడలేదు. బస్సు ఎక్కబోతూ సుధాంశు బాబు ఆగి, మాస్టారి చెయ్యి పట్టుకున్నారు. మాట్లాడింది తెలుగులో. పాలు పోసే ఆవిడ దగ్గరా, చాకలి దగ్గరా ఏరుకున్న తెలుగు అది.

"నువ్వు మంచి మనిషి ఉంది. నా మీద కోపం ఎందుకు ఉంది? నేను ఏమి తప్పు చేసింది?"

ఈ మాటలు మాస్టారు ఆయన అన్నట్టే అని వినిపించారు. క్లాసులో ఎవరికీ నవ్వు రాలేదు.

"మరి మీరేమన్నారండి?" అని అడిగారు సత్యవేణి గారు.

"కోపం లేదని చెప్పడానికి ఇంగ్లీషు వెతుక్కుంటున్నాను. తెలుగులో చెప్పినా ఆయనకు అర్థమయ్యేదని తట్టేసరికి బస్సు మలుపు తిరిగింది."

సత్యవేణి గారు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోనీ, తర్వాత ఉత్తరమైనా రాయలేదాండీ?"

"రాశాను. నెలరోజులు దిద్దాను. ఆ అడ్రసులో ఆ పేరుగల మనిషి ఇప్పుడు లేరని తిరిగొచ్చింది." మాస్టారు సుద్దముక్క చేతిలోకి తీసుకుని, బోర్డు వైపు తిరిగారు. "చాలా మంచి ఇంగ్లీషమ్మా అది."