రాకెట్టుకు కట్టిన గొడుగు

కొండకు ఇటువైపు ఏనుగు దొర కొలువు, అటువైపు వాగులో జింకల మేత. ఆ వాగుకు నీళ్ళు ఇటునుంచే వెళ్ళాలి. అందుకని వరద కనపడగానే ఇక్కడ చిన్న రాకెట్టు వదిలేవారు. అది కొండ దాటి పైకి లేస్తే, పొగ చూసి జింకలు గట్టెక్కేవి. మందు దంచి రాకెట్టు చేసేది గాడిద. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఈ ఏడు తప్పింది. రాకెట్టు సగం కొండ ఎత్తుకు లేచి కూలింది. ఒక జింకపిల్ల కొట్టుకుపోయింది.

"గాడిద మందులో ఇసుక కలిపింది దొరా! అడవినుంచి తరిమెయ్యండి" అంది నక్క.

ఆ మాట అంటున్నదెవరో చూడండి! ముందురోజు రాకెట్టు నెత్తిన రంగుకాగితాల గొడుగు బిగించి, పక్కల రెండు జెండాలు కట్టి, వాటిమీద ఏనుగు బొమ్మ వేయించింది ఈ నక్కే. అది చూసి దొర మురిసిపోయి చెవులూపింది. వద్దు మొర్రో అని గాడిద మొత్తుకున్నా ఎవరికీ పట్టలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఇసుక కాదు, గాలి దొరా! అది అడ్డుకుంది" అంది గాడిద.

"కనపడని గాలి అడ్డుకుందిట! కాగితం బరువెంతరా?" నవ్వింది నక్క.

"బరువు కాదు బావా, వెడల్పు. ఎదురుగాలిలో ఉప్పుమూట మోస్తే నడుస్తాను. అందులో సగం బరువు లేని గడ్డిమోపు మోస్తే గాలి వెనక్కి తోస్తుంది. రాకెట్టు ఎంత జోరుగా పోతే గాలి అంత గట్టిగా తోస్తుంది. ముక్కు నున్నగా ఉండాలి, ఒళ్ళు సన్నగా ఉండాలి. తిన్నగా పోవడానికి తోక దగ్గర మూడు పల్చటి రెక్కలు చాలు. గొడుగున్నదీ లేనిదీ రెండూ వదిలి చూడండి. ఓడితే నేనే పోతాను."

"సరే. మందు మాత్రం నేనే పోస్తా. నువ్వు దొంగవి" అంది నక్క.

ఎత్తు చూడటానికి, పిల్లను పోగొట్టుకున్న తల్లిజింక అటువైపుకు వెళ్ళింది.

గొడుగు రాకెట్టు ముందు లేచింది. జెండాలు రెపరెపలాడాయి. సగంలోనే ఊపు చచ్చి పల్టీ కొట్టింది. తర్వాత గాడిద చేసిన బోడి రాకెట్టు సర్రున లేచి, కొండ దాటి ఇంకా పైకి పోయింది.

నక్క నోరు వెళ్ళబెట్టింది. "అదెలా పోయింది? సగం మందే పోశానే!"

అందరూ దానివైపు తిరిగారు. అప్పుడు గానీ తానేమన్నదో నక్కకు తెలియలేదు.

ఇంతలో తల్లిజింక రొప్పుతూ వచ్చింది. "కనపడింది! ఆవేళా ఇలాగే కనపడి ఉంటే నా బిడ్డ బతికేది."

"ఈ పాపం నక్కదే" అని ఘీంకరించింది ఏనుగు.

"కట్టింది నక్క. మురిసింది తమరు" అంది జింక.

ఏనుగు తల దించుకుంది. గాడిదను పంపాలనుకున్న దారినే నక్క అడవి విడిచిపోయింది. తన బొమ్మ ఉన్న జెండాలు రెండూ ఏనుగు తన కాలికిందే వేసి తొక్కింది.

పైకి లేవలేదని ఎవరినైనా తిట్టేముందు, వాళ్ళ నెత్తిన మనమేం కట్టామో చూసుకోవాలి.