పబ్బులో పెళ్ళిచూపులు

ఎల్లమంద ఇంట్లో తెలివి ఎంతగా పొంగిపొర్లేదంటే, ఊరికే పంచుతామన్నా పుచ్చుకునే నాథుడు దొరికేవాడు కాదు. ఆయన ఒకటంటే భార్య చిలకమ్మ ఔననేది, ఆమె ఔనంటే బామ్మర్ది కోటిలింగం తలూపేవాడు. అంతే, ఇక ఆ ఇంట్లో పొరపాటు జరిగే సందే లేదు. ఇంత తెలివి నరసరావుపేట ఒక్కటే అనుభవించడం అన్యాయం అనుకున్నాడో ఏమో దేవుడు, ముగ్గుర్నీ విమానమెక్కించి ఇంగ్లండులో దించాడు.

దించింది నిజానికి మేనకోడలు ప్రమీల. తల్లి లేని ఆ పిల్లని ఎల్లమందే పెంచాడు. ఇప్పుడామె అక్కడ నర్సు. ఆ ఆదివారం ఆమెని చూసుకోడానికి, ఆ దేశంలోనే స్థిరపడ్డ తెలుగువాళ్ళు వస్తున్నారు. పల్లెటూరి పబ్బులో అందరూ కలిసి భోంచేసి మాట్లాడుకోవాలని ఏర్పాటు. ఈ సంబంధం తప్పిపోతే పిల్లకి మొహం ఎలా చూపించాలా అని ఎల్లమందకి ఒకటే దడ.

"మావయ్యా, నేను డ్యూటీ దిగి నేరుగా వస్తా. మీరు ముందు పోయి టేబుల్ చూసుకోండి. ఆదివారం జనం ఎక్కువ, ప్రాణం పోయినా టేబుల్ వదలొద్దు," అని ఫోన్లో చెప్పింది ప్రమీల.

"నాకు చెప్పాలా తల్లీ!" అన్నాడు ఎల్లమంద.

పబ్బు గుమ్మం పక్కన బోర్డుంది. కోటిలింగం కూడబలుక్కుని చదివాడు. బురద బూట్లు బయటే విడవాలట. ముగ్గురూ కాళ్ళకేసి చూసుకున్నారు. కొత్త బూట్లు, తళతళ మెరుస్తున్నాయి.

"బురద లేదు గదా బావా, ఇప్పుడెట్టా విడిచేది?"

"ఊరికే నిలబడితే అంటుద్దంట్రా? పదండి!"

ఇంకేముంది, ఎదురుగా ఉన్న గొర్రెల పొలంలో దిగి మోకాళ్ళ దాకా బురద తొక్కారు. బూట్లు బుద్ధిగా బయట విడిచి, బురద కాళ్ళతో దర్జాగా లోపలికి నడిచారు.

గోడ గూట్లో మండుతున్న చలిమంట పక్కన టేబుల్ ఒకటి ఖాళీగా దొరికింది. ముగ్గురూ తలో మూలా పట్టుకు నిలబడ్డారు. ఇక్కడ మనిషి టేబుల్ దగ్గరికి రాడు, ఏం తింటారో మీరే కౌంటర్ దగ్గరికొచ్చి చెప్పాలి అన్నాడు పక్క టేబుల్ ముసలాయన.

"నేను పోయొస్తా బావా," అన్నాడు కోటిలింగం.

"నువ్వు పోతే నువ్వు వదిలినట్టు కాదంట్రా? ఎత్తండి!"

అంతే, టేబుల్ గాల్లోకి లేచింది. దాని కాలికి ముసలాయన తన కుక్కని కట్టేసి ఉంచాడు. కుక్క మొర్రోమంటూ టేబుల్ వెంట, ముసలాయన లబోదిబోమంటూ కుక్క వెంట, ఆయన చేతిలో బీరు అందరి నెత్తినా. కౌంటర్ దాకా ఊరేగింపే!

పబ్బు యజమానురాలు డోరతీ కోప్పడి ఉంటే బాగుండేది. ఆవిడ నవ్వింది, అదే కొంప ముంచింది. "టేబుల్ దించండి, అదెక్కడికీ పోదు. అంత కంగారెందుకు? ఇది మీ ఇల్లే అనుకోండి," అంది.

"ఏమయ్యో, మనిల్లంట!" అంది చిలకమ్మ.

"అనుకోమంది గదా, అనుకోండి మరి!"

ముగ్గురూ కళ్ళు మూసుకుని గట్టిగా అనుకున్నారు. అంతే, అది వాళ్ళ ఇల్లయిపోయింది. ఎల్లమంద చొక్కా విప్పి చలిమంట ముందు ఆరేశాడు. చిలకమ్మ వంటింట్లోకి దూరి చీపురు వెతికింది.

"బావా, మనింట్లో ఇంతమంది తింటన్నారేంది?"

"చుట్టాలై ఉంటార్రా. కడుపునిండా పెట్టు!"

కోటిలింగం వంటింట్లో ఉన్న మాంసమంతా తెచ్చి కొసరి కొసరి వడ్డించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినగానే ఎల్లమందకి పెళ్ళివారు గుర్తొచ్చారు.

"ఒరేయ్! పెళ్ళివారు పబ్బుకి వస్తారు. మనం ఇంకా ఇంట్లోనే కూచున్నాం!"

చిలకమ్మ గుండెలు బాదుకుంది. ఇల్లు తెరిచిపెట్టి పోకూడదు గదా, చుట్టాలందరికీ బొట్టు పెట్టి సాగనంపింది. ఇదేదో పండగ కాబోలనుకుని డోరతీ కూడా బొట్టు పెట్టించుకుని బయటికొచ్చింది. ఎల్లమంద చొక్కా తగిలించుకుని, తలుపుకే ఉన్న తాళంచెవితో తాళం బిగించి, దాన్ని మొలలో దోపుకున్నాడు.

అంతలో ఓ కారు ఆగింది. సూటు వేసుకున్న తెలుగాయన తల బయటపెట్టాడు. పక్కన ఆయన కొడుకు.

"ఏమండీ, పబ్బు ఇదేనా?"

"కాదండీ, ఇది మా ఇల్లు. మేమూ పబ్బుకే బయల్దేరాం, దారి తెలవదు."

"ఎక్కండి, కలిసి వెతుకుదాం. మావాడికి పిల్లని చూడబోతన్నాం."

"అట్టాగా! మేం పిల్లని చూపించబోతన్నామండీ!"

"ఆహా! ఒకే పూట, ఒకే పబ్బులో రెండు పెళ్ళిచూపులు!" అని మురిసిపోయాడాయన.

కారు కదిలింది. మలుపులో ప్రమీల ఎదురొచ్చి, మావయ్యని చూసి చెయ్యూపింది. ఎల్లమంద కిటికీలోంచి అరిచాడు: "అటు పోమాక తల్లీ, ఇంట్లో ఎవరూ లేరు! పబ్బుకి రా!"

"ఎవరండీ ఆ అమ్మాయి?"

"మా మేనకోడలండీ. పాపం, దారి తప్పింది."

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు సిగ్గుపడి తలూపాడు. "పిల్ల లక్షణంగా ఉంది. మావాడికి ఇస్తారా?"

ఎల్లమందకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎంత మాటండీ! అవతల పబ్బులో పెళ్ళివారు మాకోసం కాచుకోని ఉంటే, దారినపోయే మీకు ఎట్టా ఇస్తామండీ? పోనియ్యండి కారు!"