తాబేలు ముఖం చాటేసింది ఎందుకు?

ఒకప్పుడు తాబేలు తల ఎప్పుడూ బయటే ఉండేది. ఎండొచ్చినా బయటే, వానొచ్చినా బయటే. లోపలికి లాక్కోవచ్చని దానికి తెలియదు. వీపుమీద అంత పెద్ద డిప్ప ఉందా, దాని కింద బోలెడు చోటు ఊరికే ఖాళీగా పడి ఉండేది. తాబేలేమో మెడ బారుగా చాచుకుని, ఎదురైన ప్రతివాళ్ళనీ పలకరిస్తూ తిరిగేది. మనుషులంటే దానికి మరీ ఇష్టం. అప్పటికింకా మనుషుల గురించి దానికేమీ తెలియదు లెండి.

ఆ రోజుల్లో ఒక ఊరి పక్క కాలువలో ఒక ఆడ తాబేలు ఉండేది. దాని కడుపులో పన్నెండు గుడ్లున్నాయి. తాబేలు నీళ్ళలో ఎంత ఈదులాడినా, గుడ్లు మాత్రం పొడి ఇసుకలోనే పెట్టాలి. నీళ్ళలో పెడితే లోపలి పిల్లలకి ఊపిరాడదు. ఆ పొడి ఇసుక ఎక్కడుందీ అంటే ఊరికి అవతల, సరుగుడు తోటని ఆనుకుని ఉన్న దిబ్బమీద ఉంది.

తాబేలు తలెత్తి మబ్బుని అడిగింది. "మబ్బన్నా, ఎప్పుడు కురుస్తావు?"

"మూడు రోజులు ఆపుకుంటానమ్మా. అంతకన్నా నావల్ల కాదు, ఇప్పటికే మోయలేక నడుం పడిపోతోంది" అంది మబ్బు. "మూడోనాటి సాయంత్రానికి దిబ్బంతా తడిసిపోతుంది. ఈలోగా నీ పని చూసుకో."

"ఒక్క రోజు నడక. మూడు రోజులెందుకు?" అని నవ్వింది తాబేలు. మధ్యలో ఊరుందన్న సంగతి పాపం అది ఆలోచించలేదు.

ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళైతే ఈ కథే లేదు. వాళ్ళు మహా మంచివాళ్ళు. వాళ్ళ మంచితనం పడలేక అప్పటికే రెండు పిల్లులు, ఒక గుడ్లగూబ ఊరొదిలి వెళ్ళిపోయాయి. పైగా వాళ్ళకి మర్యాద ఎక్కువ. బయల్దేరిన ప్రాణిని "ఎక్కడికి?" అని అడిగితే వెళ్ళే పని చెడిపోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని ఆ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఆ మాట అడగరు. ఎక్కడికో వాళ్ళే ఊహించేసుకుంటారు.

మొదటిరోజు తాబేలు పొద్దున్నే బయల్దేరింది. మధ్యాహ్నానికి ఊరి నడుమనున్న బండ్లబాట దగ్గరికొచ్చింది. అక్కడ సోములు కనిపించాడు. సోములంటే ఎవరి పనైనా అడక్కుండా చేసిపెట్టే మనిషి.

"అయ్యయ్యో! కాలువలో ఉండాల్సిన ప్రాణి ఎండలో పడి మాడిపోతోందే!" అన్నాడు సోములు.

"లేదు బాబూ, నేను..." అంటూ మొదలుపెట్టింది తాబేలు. తాబేలు నడకే కాదు, మాటా నిదానమే. ఆ ముక్క పూర్తయ్యేసరికి సోములు దాన్ని చంకలో పెట్టుకుని కాలువవైపు సగం దూరం వచ్చేశాడు.

"ఏమీ చెప్పకు తల్లీ. నీ బాధ నాకు తెలీదా?" అన్నాడు. గట్టుమీద నిలబడి, ఊపి ఊపి, కాలువలోకి విసిరాడు. తాబేలు వెల్లకిలా పడింది. సోములు చేతులు దులుపుకుని ఇంటికెళ్ళి, తనొక ప్రాణాన్ని కాపాడానని ఆ సాయంత్రం పదిహేడుమందికి చెప్పాడు.

ఒక రోజు పోయింది.

రెండోరోజు తాబేలు ఇంకా పెందలాడే లేచింది. సోములు కంటపడకుండా బండ్లబాట వదిలేసి, పెరళ్ళ వెనకనుంచి నడిచింది. అక్కడ సోములు భార్య అచ్చాయమ్మ కనిపించింది. ఆవిడ పేరు చెబితే చుట్టుపక్కల చుట్టాలందరికీ కడుపు ఉబ్బరం వస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళు కదల్లేని స్థితికి వచ్చేదాకా కొసరి కొసరి వడ్డిస్తుంది మరి.

"మా ఆయన విసిరేసిన తాబేలువి నువ్వేనా? ఒళ్ళు నొచ్చిందా అమ్మా? మగవాళ్ళకి పెంపకం ఏం తెలుసు! రా, మా ఇంటికి రా" అని ఎత్తేసుకుంది.

"అచ్చాయమ్మగారూ, నేను..."

"మొహమాటపడకు. నీ ఇల్లే అనుకో."

అనుకోవడానికి అక్కడేముంది? స్నానాల ఇత్తడి గంగాళం ఒకటి తెచ్చి, అంచులదాకా నీళ్ళు పోసి, అందులో వేసింది. ఒళ్ళు ఆరబెట్టుకుందామంటే కాలు మోపడానికి రాయి లేదు. పట్టుకుందామంటే అంచు నున్నగా జారిపోతోంది.

"నామీద కోపం పెట్టుకోకు" అంది గంగాళం. "నాలో మునిగి లేచి వెళ్ళిపోతారు గానీ ఎవరూ కాపురం ఉండరు."

అచ్చాయమ్మ తాబేలుకి తలంటింది. మాడున ఆముదం పెట్టింది. కళ్ళు మండుతున్నాయంటే, మండితే చలవ అంది. సున్నిపిండితో డిప్ప రుద్ది, పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. ఆ తరవాత పళ్ళెం తెచ్చింది. దద్దోజనం, సున్నుండలు, మామిడికాయ పప్పు!

"నేను నాచు తింటానండీ. నత్తలు, వానపాములు..." అంది తాబేలు.

"ఛీ ఛీ! ఇకనుంచి నీకు అలాంటి గతి పట్టనిస్తానా? నోరు తెరువు. ఇదిగో, ఇంకొక్క ముద్ద. నామీద ఒట్టే!"

తాబేలుది మెత్తటి మనసు. పెట్టే చెయ్యిని కాదనలేక నోరు తెరిచింది. ఊళ్ళోవాళ్ళంతా వరసగా వచ్చి దాని బుగ్గలు పుణికారు. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. దాని కడుపు చూసి అచ్చాయమ్మ మురిసిపోయింది. "ఒక్క పూట తిండికే ఎలా ఒళ్ళు చేసిందో చూశారా?"

రెండో రోజూ పోయింది.

మూడోరోజు తెల్లారేసరికి తాబేలు కాళ్ళు ఈది ఈది కొయ్యబారిపోయాయి. ఇక ఆపుకోలేక, దాని కడుపులోంచి రెండు గుడ్లు నీళ్ళలోకి జారిపోయాయి.

అచ్చాయమ్మ వచ్చి చూసింది. అప్పటికైనా అర్థమై ఉంటుందని మీరనుకుంటున్నారు కదూ? అర్థం చేసుకోవడం ఆవిడ అలవాటు కాదు. "ఎంత విశ్వాసమండీ దీనికి! మన తిండి తిన్నందుకు మనకి కానుక ఇచ్చింది" అని కళ్ళొత్తుకుంది. ఆ రెండు గుడ్లనీ తీసి గోడగూట్లో పెట్టి, వాటి ముందు రెండు నందివర్ధనం పూలు పెట్టింది.

తాబేలు ఆ గూటికేసి చూసింది. అవి ఇక పిల్లలు కావు. దానికి గుండె పగిలినంత పనైంది. ఆకాశంలో మబ్బు నల్లబడిపోయి ఉంది.

"అచ్చాయమ్మగారూ, నేను వెళ్తానండీ" అంది.

"తప్పు! వెళ్తాను అనకూడదమ్మా. వెళ్ళొస్తాను అనాలి."

"సరే, వెళ్ళొస్తానండీ."

"ఎలాగూ వచ్చేదానివి, ఇప్పుడు వెళ్ళడం దేనికి? ఉండిపో!" అంది అచ్చాయమ్మ. దాన్ని గంగాళంలోంచి తీసి, ఒళ్ళు ఆరాలని పెరట్లో గచ్చుమీద పెట్టి, సాంబ్రాణి ధూపం పట్టడానికి నిప్పులు తేవడానికి లోపలికెళ్ళింది.

తాబేలు పుట్టి బుద్ధెరిగాక పరుగెత్తింది ఆ ఒక్కరోజే. దాని పరుగు మన నడకంత ఉంటుంది, అయినా పరుగే. కంచె కింద దూరి, బండ్లబాట దాకా వచ్చేసింది. బాట దాటితే ఇక దిబ్బ దారే. అంతలో వెనకనుంచి కేకలు వినబడ్డాయి.

"అదిగో, పాపం, అన్నం తినకుండా వెళ్ళిపోతోంది!"

"దాని ముఖం చూడండి, ఎలా పీక్కుపోయిందో!"

ఊరంతా చుట్టుముట్టింది. సోములు కాలువకి తీసుకెళ్తానంటాడు. అచ్చాయమ్మ గంగాళంలో వేస్తానంటుంది. ఆవిడ చేతిలో పరమాన్నం గరిట కూడా ఉంది. కడుపులో పది గుడ్లున్నాయి. ఈసారి వీళ్ళ చేతుల్లో పడితే అవీ పోతాయి.

అప్పుడు డిప్ప గొణిగింది. "నా కింద ఇంత చోటు పెట్టుకుని తల బయట వేలాడేసుకుంటావేమే? నీ ముఖం చూసేగా వీళ్ళు ఇంతింత జాలిపడుతున్నారు. ఆ ముఖమేదో లోపలికి తెచ్చెయ్యి!"

తాబేలు ఎన్నడూ వంచని మెడని వంచింది. ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. అయినా ఓర్చుకుని లాక్కుంది. తల లోపలికెళ్ళిపోయింది. దాని వెనకే కాళ్ళూ వెళ్ళిపోయాయి.

గరిట పట్టుకున్న అచ్చాయమ్మకి తాబేలు నోరెక్కడుందో తెలియలేదు. పుణకడానికి బుగ్గల్లేవు.

"ఇంత చేస్తే ముఖం చాటేసిందండీ!" అని ఆవిడ బావురుమంది.

అప్పుడే పొరుగూరినుంచి ఉప్పుబుట్ట నెత్తిన పెట్టుకుని గవరమ్మ అటుగా వచ్చింది. ఉప్పు అమ్ముకునే గవరమ్మకి నోరు పెద్దది, మర్యాద తక్కువ. బుట్ట దింపి, వంగి, డిప్పమీద వేలితో కొట్టింది.

"ఏమేవ్, ఎక్కడికే?" అంది.

ఊరంతా చెవులు మూసుకుంది. అంత అపశకునం మాట వాళ్ళు తాతలనాడు కూడా వినలేదు.

మూడురోజుల్లో తాబేలుని ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. డిప్పలోపలినుంచి సన్నగా జవాబొచ్చింది. "దిబ్బకి... గుడ్లు... పెట్టాలి." గవరమ్మ ఆ మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"ఇన్ని బుర్రలున్నాయి, ఒక్కడికీ అడగాలని తోచలేదేంరా? లెగండి అడ్డం!" అని ఊరిమీద ఒక్క కసురు కసిరింది. తాబేలుని రెండు చేతులతో అటూ ఇటూ పట్టి, నేలకి జానెడెత్తున లేపి, అది ఎటు తిరిగి ఉందో అటే ఉంచి బాట దాటించింది. అవతల దించి, చేతులు చీరకి తుడుచుకుని, బుట్టెత్తుకుని తన దారిన పోయింది. ఒక్క మెతుకు పెట్టలేదు, ఒక్క ముద్దుమాట అనలేదు.

తాబేలు దిబ్బెక్కి గొయ్యి తవ్వింది. పది గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, అరికాళ్ళతో అదిమింది. ఆ పని పూర్తయ్యేదాకా మబ్బు ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ తరవాత కుండపోతగా కురిసింది. అయినా కొత్తగా అదిమిన ఇసుక కింది గుడ్లకి చుక్క తడి తగల్లేదు.

అప్పటినుంచే, మనిషి అలికిడి వింటే చాలు, తాబేలు తల డిప్పలోకి లాగేసుకుంటుంది. పిరికిదని మనం నవ్వుతాం. అది మన కర్రకి భయపడి కాదర్రా, మన ముద్దుకి జడిసి. నమ్మకపోతే ఈసారి బాటమీద తాబేలు కనబడినప్పుడు నాలుగడుగులు వెనక్కి జరిగి ఊరుకుని చూడండి. ముందు ముక్కు బయటపెడుతుంది, తరవాత ఒక కన్ను. మీ చేతిలో పళ్ళెం లేదని రూఢి చేసుకుని, తను పోదలుచుకున్న వైపే పోతుంది.